పడక, పొయ్యి, పళ్లెం

దాన్‌చారినెయా దగ్గర సరిహద్దు దాటడానికి మనిషికి యాభై అడుగులు చాలు. ఆ శుక్రవారం పొద్దున మికాయెలాకు గంటా పది నిమిషాలు పట్టింది. ముందు ఫ్రాన్సు కార్లు, వెనక ఫ్రాన్సు కార్లు. అన్నీ అవతలి ఒడ్డున చవగ్గా దొరికే సిగరెట్లకీ పెట్రోలుకీ మందు సీసాలకీ బయల్దేరినవే. ఇటువాళ్లకు అటు సరుకు చవక, అటువాళ్లకు ఇటు జీతం ఎక్కువ. ఆ గీత పుట్టిన దగ్గర్నుంచీ అంతకుమించి ఎవరికీ ఏ మేలూ చేయలేదు. కొండ ఒకటే, కొండ మీద గొర్రె ఒకటే, గొర్రెను పిలిచే బాస్కు మాట ఒకటే. ఎవడో మధ్యలో గీత గీసి, ఇద్దరు పోలీసుల్ని నిలబెట్టి, ఇది విదేశం అన్నాడు. దాంతో మేనకోడలి పెళ్లికి పోవడం విదేశీ ప్రయాణమైంది.

"ఎక్కడికి?" అన్నాడు స్పెయిన్ వైపు పోలీసు. కుర్రాడు. దక్షిణాది యాస.

"ఇంటికి."

కార్డు తిప్పి చూశాడు. "ఇందులో బయోన్ చిరునామా ఉంది. ఫ్రాన్సు."

"అది అద్దె కొంప. ఇల్లు ఇటు."

"ఇందాక మావాడితో పెళ్లికి అన్నారు."

"ఇంట్లోనే పెళ్లి. మా తమ్ముడి కూతురిది."

వాడు వెనక సీట్లోకి తొంగి చూశాడు. మూడు డబ్బాల్లో నల్ల చెర్రీ పాకం పెట్టిన కేకులు, రెండు పెట్టెలు, ఒక ఇస్త్రీ పెట్టె, ఒక కుట్టు మిషను. "పెళ్లికి కుట్టు మిషనా?"

"పెళ్లికూతురి గౌను నడుం దగ్గర వదులైతే నువ్వు కుడతావా నాయనా? వెనక హారన్లు కొడుతున్నారు. నన్ను పోనివ్వు."

పోనిచ్చాడు. కానీ వాడి అనుమానంలో తప్పు లేదు. మికాయెలా ఆస్తి మొత్తం ఆ కారులోనే ఉంది. బయోన్‌లో నలభై రెండేళ్లు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, మే నెలలో పింఛను తీసుకుంది. పింఛను కాగితం వచ్చిన వారానికే ఇంటి యజమాని కాగితం వచ్చింది. సముద్రానికొచ్చే యాత్రికులకు వారం లెక్కన ఇచ్చుకుంటాడట, జూలై ఆఖరుకు ఖాళీ చేయాలట. ఆమె ఊరంతా తిరిగింది. ఊరంతా యాత్రికులకే అద్దెకుంది. దుప్పట్లు ఉతికిన మనుషులకు ఆ ఊళ్లో దుప్పటి కప్పుకునే చోటు లేదు. జూలై ఆఖరు దాకా ఆగడం ఎందుకని తాళాలు ముందే వాడి ముఖాన కొట్టింది.

భయపడలేదు. ఇందార్తెయా ఉంది కదా అనుకుంది. ఇందార్తెయా అంటే బస్తాన్ లోయలో ఆమె పుట్టిన ఇల్లు. ఆ లోయలో ఇల్లు ముక్కలు కాదు. పొలమూ, గొర్రెలూ, కొట్టమూ, శ్మశానంలో రాయీ అన్నీ కలిపి ఒకే ఇల్లు, అది బిడ్డల్లో ఒక్కరికే వస్తుంది. మిగతావాళ్లు చేతులూపుకుంటూ పోతారు, పట్నానికో, మఠానికో. పెళ్లి కాకుండా మిగిలిపోయినవాళ్లకు మాత్రం ఒక హక్కుంటుంది. తమ్ముడు ఫెర్మిన్ పెళ్లప్పుడు, ఎనభై తొమ్మిదిలో, తండ్రి ఇల్లు వాడి పేర రాస్తూ ఆ మాట రాయించాడు. పెద్దమ్మాయి మికాయెలా పెళ్లి చేసుకోనంత కాలం ఆ ఇంట్లో ఆమెకు పడక, పొయ్యి, పళ్లెం ఉంటాయి.

శనివారం పెళ్లి కానిచ్చి, ఆదివారం తమ్ముడితో చెబుదామనుకుంది: నేను వచ్చేశాను రా, అని. అంతకుమించి ఏం చెప్పాలి? పెళ్లికి ముందు చెప్పి వాళ్ల సందడిలో నా గోల కలపడమెందుకు అనుకుంది. ఆ మర్యాదే కొంప ముంచింది.

*

ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. పచ్చికలో డేరా వేస్తున్నారు. మరదలు మిలాగ్రోస్ తడి చేతులతోనే వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది.

"వదినా, చిక్కిపోయారు. ఆకలిగా ఉందా?"

"ఉంది. పన్నెండున్నర అయింది."

"అయ్యో, మీరు ఫ్రాన్సు ఆకలితో వచ్చారు కదూ. మేం మూడింటికి తింటాం. ఒక ఆలివ్ కాయ నోట్లో వేసుకోండి."

మికాయెలా పెట్టె పట్టుకుని మెట్ల వైపు నడిచింది. మూడో మెట్టు మీద మిలాగ్రోస్ ఆమె కొంగు పట్టినట్టు చొక్కా అంచు పట్టుకుంది.

"పైకి వద్దు వదినా. గెస్టులున్నారు."

"ఏ గదిలో?"

"అన్నిట్లోనూ. మాడ్రిడ్ వాళ్లు. మీకు కింద ఎలిసోందో ఊళ్లో లాడ్జి తీసుకున్నాం. మంచిది. టీవీ ఉంది."

మికాయెలా ఆ చేయి విడిపించుకుని పైకెక్కింది. తన గది తలుపు మీద ఒక చెక్క పలక, దాని మీద వంకర అక్షరాల్లో 'మేఘాల గది' అని ఉంది. అరవై నాలుగేళ్లలో ఆ గదిలో ఆమె చూసిన మేఘం ఒకటే, కింద కొట్టంలోంచి పైకొచ్చే పేడ ఆవిరి. తలుపు వెనక ఒక కుక్క మొరిగింది. పల్లెటూరి కుక్క కాదు, స్నానం చేయించి రిబ్బను కట్టే రకం.

కిందికొచ్చింది. ఏడిస్తే బాగుండేది, ఎవరైనా పట్టించుకునేవాళ్లు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బయోన్‌లో తన్ని తరిమిన యాత్రికుడే కొండ దాటి తనకన్నా ముందొచ్చి తన మంచం మీద పడుకున్నాడు. వీడికి సరిహద్దు దగ్గర పోలీసు కూడా అడ్డు రాడు.

వంటింట్లో ఫెర్మిన్ ఎదురుచూస్తున్నాడు. అరవై ఏళ్ల మనిషి, చేతిలో బెరే టోపీ నలుపుతూ, తప్పు చేసిన ఇస్కూలు పిల్లాడిలా ఉన్నాడు. బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను.

"అక్కా, ఐదు నిమిషాల పని. నోటరీ రెండింటి దాకా ఉంటాడు. ఎలిసోందో వెళ్లి నువ్వో సంతకం పారేస్తే, వచ్చేసరికి భోజనం."

"ఏమిటది?"

"ఏముందిలే. పాత చెత్త శుభ్రం చేయడం."

మికాయెలా కళ్లజోడు పెట్టుకుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు చదవకుండా ఒక కాగితం మీద సంతకం పెట్టి ఆరు నెలలు రాత్రి డ్యూటీ చేసిన మనిషి ఆమె. ఆ తరవాత రొట్టె కొన్న రశీదు కూడా చదవందే జేబులో వేసుకోలేదు. ఇందార్తెయా ఇంట తనకు గల పడక, పొయ్యి, పళ్లెం హక్కును సదరు మికాయెలా స్వచ్ఛందంగా వదులుకొనుచున్నది.

"స్వచ్ఛందంగా అని ఎవరు రాశారు?"

"నోటరీ. అది వాళ్ల భాష."

"నాకు స్వచ్ఛందం కలిగిందని నోటరీతో ఎవరు చెప్పారు?"

ఫెర్మిన్ టోపీని ఇంకోవైపు తిప్పాడు. పాలు గిట్టుబాటు కావడం లేదట. కూతురు లెయిరె, కాబోయే అల్లుడు ఎనెకో పెళ్లయ్యాక ఆవుల్ని అమ్మేసి, పైనంతా పడగొట్టి ఆరు గదులు కడతారట, ప్రతి గదికీ బాత్‌రూమ్. బ్యాంకు అప్పిస్తానంది, కానీ ఇంటి మీద ఎవరి హక్కూ ఉండకూడదంది. ఎనభై తొమ్మిది నాటి దస్తావేజులో ఆ ఒక్క గీత అడ్డొచ్చింది.

"నిన్ను పొమ్మనేదెవరక్కా? నీ గది నీకెప్పుడూ ఉంటుంది."

"ఇప్పుడు అందులో ఎవరున్నారు?"

"ఇప్పుడంటే, బుకింగ్ ఉంది."

"వచ్చే నెల?"

"వచ్చే నెల కూడా ఉందనుకో. సీజను కదా. నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

"నీ మాట అంత గట్టిదైతే ఈ కాగితం ఎందుకురా? బ్యాంకువాడికీ నోటి మాటే చెప్పు. మా అక్క రాదులెండి, నా మాట నమ్మండి అను."

మిలాగ్రోస్ గిన్నె తుడుస్తూ కల్పించుకుంది. "వదినా, కోపం వద్దు. మీకేం తక్కువ? బయోన్‌లో ఇల్లుంది. హీటరుంది. లిఫ్టుంది. ఈ పేడ కంపులోకి మీరెందుకొస్తారు?"

అప్పుడే చెప్పేయాల్సింది. నాకు ఇల్లు లేదే అమ్మాయ్, నా ఇల్లు బయట కారులో ఉంది అని. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. చెబితే ఏమవుతుంది? అయ్యో పాపం అంటారు. లాడ్జికి ఇంకో వారం పొడిగిస్తారు. హక్కున్నచోట జాలి తీసుకుంటే హక్కు పోతుంది, జాలి నాలుగు రోజులుంటుంది. ఆసుపత్రిలో ప్రతి సమ్మెలోనూ ఆమె ఇదే చెప్పింది ఆడవాళ్లకు. ఇప్పుడు తన వంటింట్లోనే మాట మార్చమంటే ఎలా?

"సంతకం పెట్టను," అంది. "లాడ్జికీ పోను. కేకులు కారులో ఉన్నాయి, దించుకోండి."

*

ఇరవై అడుగుల దూరంలో ఎంగ్రాసి ఇల్లు. ఎనభై ఆరేళ్ల ముసలిది, ఇందార్తెయాకు తొలి పొరుగు. ఆ ఊళ్లో చావొస్తే పాదిరికన్నా ముందు తొలి పొరుగుకు చెబుతారు. పెళ్లొస్తే బంధువులకన్నా ముందు పిలుస్తారు. ఇల్లు నిండిపోతే చుట్టాలకు పడక వేయాల్సిందీ తొలి పొరుగే. కుదరదు అనే మాట ఆ సంబంధంలో లేదు. కాబట్టి మికాయెలా పెట్టెతో గుమ్మంలో నిలబడగానే ఎంగ్రాసి ఏమీ అడగకుండా చిక్కుడుగింజల కుండ పొయ్యి మీదికి జరిపింది. తిన్నాక అడిగింది.

"కాగితం చూపించారా?"

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"ఊరందరికీ తెలుసు. ఎనభై తొమ్మిదిలో సాక్షి సంతకం పెట్టింది నేనేగా."

"అయితే రేపు నువ్వు నా పక్కన నిలబడు."

"నేనెందుకు నిలబడతానే? సంతకం పెట్టెయ్."

మికాయెలా చెంచా కింద పెట్టింది.

"అలా చూడకు," అంది ఎంగ్రాసి. "ఆ పిల్లలు అప్పు పుట్టకపోతే పాంప్లోనా పట్నం పోతారు. తలుపులు మూస్తారు. అటువైపు అరగాని వాళ్ల ఇల్లు చూడు, నలుగురు అన్నదమ్ములు పంతాలకు పోయారు, ఇప్పుడు అందులో అత్తిచెట్టు మొలిచి కప్పులోంచి బయటికొచ్చింది. ఇల్లు నిలబడాలి. మనిషిదేముంది, ఎక్కడో ఒకచోట తల దాచుకుంటాడు."

"ఇల్లు, ఇల్లు. ఆ ఇంటికి నోరుందా పెద్దమ్మా? దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడుతుంటారు. ఎప్పుడు చూసినా ఆ మాట్లాడేది లోపలున్నవాళ్లే. బయట ఉన్నవాళ్లతో ఇల్లు ఎప్పుడైనా మాట్లాడిందా?"

"నీకు లేక అడుగుతున్నావా, పంతానికి అడుగుతున్నావా? అది చెప్పు."

"అడగడం లేదు. ఉంది అంటున్నాను."

"మీ నాన్నా ఇంతే. గాడిద తోవ తప్పుకోకపోతే గాడిదతో వాదించేవాడు." ఎంగ్రాసి లేచి దుప్పటి తెచ్చింది. "కిటికీ పక్క మంచం నీది. పొద్దున కోడి కూస్తే నన్ను తిట్టకు."

ఆ కిటికీలోంచి మికాయెలాకు తన గది కిటికీ కనిపిస్తూనే ఉంది. మాడ్రిడ్ వాళ్లు దాని మీద స్నానం తువ్వాళ్లు ఆరేశారు. ఒకటి సరిగా పిండలేదు, గోడ పొడుగునా నీళ్లు కారుతున్నాయి. నలభై రెండేళ్లు బట్టలు పిండిన చేతులు దుప్పటి కింద బిగుసుకున్నాయి.

*

శనివారం పెళ్లి బాగానే జరిగింది. అది కూడా ఆమెకు చిరాకే. చెడిపోతే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది. చర్చి ముందు పిల్లనగ్రోవి, చిన్న డోలు వాయించారు. పెళ్లికూతురి ముందు ఎనెకో తమ్ముడు గౌరవ నాట్యం చేశాడు, కాలు తలదాకా విసిరాడు, ప్యాంటు కుట్టు పిగిలింది. అందరూ చూడనట్టు నటించారు. మూడింటికి డేరా కింద కూర్చున్నారు. గొర్రెపిల్ల నెత్తుటి వంటకం, పందిమాంసం చుట్టిన ఏటి చేప, గొర్రెపిల్ల కూర, ఒకదాని వెనక ఒకటి. లేవడానికి ఎవరికీ దారి లేదు.

మికాయెలా పక్కన ఫెర్మిన్ హోవాకిన్‌ను కూర్చోబెట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి, భార్య పోయి మూడేళ్లు. చిన్నప్పుడు ఒకే బడి. ఇటువైపు ఎంగ్రాసి.

"నువ్వు ఫ్రాన్సు పోయావని విన్నాను," అన్నాడు హోవాకిన్.

"నలభై రెండేళ్లయింది."

"బాగుంటుందా?"

"వాన పడుతుంది."

"ఇక్కడా పడుతుంది." కాసేపు నమిలాడు. "నాకు నూట ముప్పై గొర్రెలున్నాయి. పోయినేడు నూట నలభై. పది పోయాయి. రాబందులు."

"రాబందులు బతికున్నవాటి జోలికి రావుగా."

"అదే అందరూ అంటారు." మళ్లీ నమిలాడు. రాబందుల గురించి గొర్రెపిల్ల కూర అయిపోయేదాకా చెప్పాడు. ఒక్కో రాబందునీ విడివిడిగా ఎరుగును.

స్లో అనే అడవి పుల్లకాయలు ఊరేసిన మందు సీసా పట్టుకుని ఫెర్మిన్ బల్ల బల్లకీ తిరుగుతూ వచ్చాడు. రెండు గుక్కలు ఎక్కువే పడ్డాయి, ధైర్యం వచ్చింది.

"ఎలా ఉన్నాడక్కా మన హోవాకిన్? నిజంగానే ఆలోచించు. చేసుకున్నావనుకో, ఆ గీత దానంతటదే పోతుంది. పెళ్లి కానంత కాలం అనే కదా నాన్న రాయించింది. నోటరీ అవసరం కూడా ఉండదు."

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. ఊరందరికీ తెలుసని ఎంగ్రాసి ఊరికే అనలేదు.

"ఆసుపత్రి దుప్పట్లు నలభై రెండేళ్లు ఉతికాను," అంది మికాయెలా. "ఇప్పుడు ఈయనవి కూడానా?"

"నాకు మిషనుంది," అన్నాడు హోవాకిన్, నొచ్చుకుంటూ.

"మిషనుంటే ఇంక మనిషెందుకు నాయనా?"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది, ఫెర్మిన్ కూడా నవ్వాడు. మికాయెలా నవ్వలేదు. ఒక మనిషి పడుకునే చోటు గురించి ఇంతమంది కలిసి నవ్వగలరా అని చూస్తూ కూర్చుంది. నవ్వగలరు. కడుపు నిండి ఉంది, ఎండ బాగుంది, మందు బాగుంది.

లెయిరె వచ్చింది, తెల్ల గౌను చేత్తో ఎత్తి పట్టుకుని, పచ్చిక మీద చెప్పుల్లేకుండా. ఇరవై తొమ్మిదేళ్లు. ముఖం మికాయెలాదే, ముక్కు కూడా, పాపం. అత్త కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, నాన్నతో మాట్లాడావా? మంగళవారం బ్యాంకుకెళ్లాలి."

మికాయెలా ఆ పిల్లకేసి చూసింది. రెండు రోజులుగా తమ్ముణ్ణీ మరదలినీ తిట్టుకుంటూ, పిల్లకు ఏమీ తెలియదనుకుంటూ, ఆ ఒక్క నమ్మకాన్నీ జాగ్రత్తగా దాచుకుంది.

"ఇది నీ ఆలోచనా?"

"నాదే. నేనే చెబుదామనుకున్నా. ఫోను తీస్తే నోరు రాలేదు. నాన్న, నేను చెబుతాలే అన్నాడు."

"అందుకేనా పెళ్లికి పిలిచింది?"

"కాదు." లెయిరె ముఖం ఎర్రబడింది. "ఏప్రిల్‌లో పిలిచాం. మేలో బ్యాంకువాడు ఆ గీత చూపించాడు. అప్పటిదాకా అలాంటిదొకటుందని కూడా నాకు తెలీదు. నువ్వూ ఎప్పుడూ చెప్పలేదు. నిజం చెప్పు అత్తా, నలభై రెండేళ్లలో ఈ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నావు?"

అడగాల్సిన మాటే అడిగింది. అదే మికాయెలాకు మరీ కోపం తెప్పించింది.

"వచ్చినప్పుడల్లా ఆ గదిలో ఏదో ఒకటి ఉండేది. ఒకసారి మొక్కజొన్న ఆరబోశారు. ఒకసారి ఆపిల్ పళ్లు. ఒకసారి నీ ఊయల. ఊయల చూసి నేనేమీ అనలేదు. ఎంగ్రాసి ఇంట్లో పడుకుని పొద్దున్నే బయోన్ బస్సెక్కాను. మీరు నన్ను ఎప్పుడూ పొమ్మనలేదు లెయిరె. ఎప్పుడూ చోటు లేదంతే."

డోలు మోగింది. ఎవరో పెళ్లికూతుర్ని పిలిచారు. లెయిరె లేచింది, గౌను ఎత్తి పట్టుకుని అటు వెళ్లిపోయింది.

"పాపం, పెళ్లిరోజున," అంది ఎంగ్రాసి.

"నువ్వు తిను పెద్దమ్మా."

*

ఆదివారం పదకొండింటికి మాడ్రిడ్ వాళ్లు కుక్కతో సహా వెళ్లిపోయారు. ఇల్లంతా మత్తుగా పడుంది. ఫెర్మిన్ పాలు పితికి మళ్లీ మంచమెక్కాడు, మిలాగ్రోస్ డేరాలో గిన్నెలు ఏరుతోంది. మికాయెలా కారులోంచి తన దుప్పట్లు రెండు చంకన పెట్టుకుని మెట్లెక్కింది. ఎవరినీ అడగలేదు. పెట్టెను ఒక్కో మెట్టూ ఈడ్చింది. చప్పుడు కావాలనే ఈడ్చింది.

గదిలో కిటికీ తెరిచింది. యాత్రికుల దుప్పట్లు లాగి నేలమీద పారేసింది. సగం పాలిస్టరు, మురికి పట్టి వదలని రకం. తలగడ గలీబు ఊడదీస్తుంటే వెనక లెయిరె నిలబడి ఉంది. జుట్టులో పెళ్లి పిన్నులు ఇంకా తీయలేదు, ఎనెకో బనియను వేసుకుంది.

"ఏం చేస్తున్నావత్తా?"

"పక్క వేసుకుంటున్నాను."

"సాయంత్రం నాలుగింటికి బార్సిలోనా వాళ్లొస్తారు ఇందులోకి."

"ఎలిసోందోలో లాడ్జి ఉంది. మంచిది. టీవీ ఉంది."

లెయిరె తలుపు వేసి దానికి ఆనుకుంది. "నేను నిన్ను మోసం చేద్దామనుకోలేదు. మొన్నటి నుంచి నువ్వు లాయరులా మాట్లాడుతున్నావు. గీత, కాగితం, హక్కు. ఆవులు నెలనెలా నష్టం. నాన్న వెన్ను పోయింది. నేను ఇక్కడే బతకాలనుకుంటున్నా. నాతో చదివినవాళ్లలో ఒక్కరైనా ఈ ఊళ్లో లేరు. ఇదొక్కటే దారి కనబడింది. నీకు బయోన్‌లో అన్నీ ఉండి, కేవలం నాన్న మీద గెలవడానికి ఈ గదికి అడ్డం పడతావా?"

మికాయెలా చేతిలో గలీబు మడత పెట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఇంక మడత పడదు.

"బయోన్‌లో నాకేమీ లేదు."

"అంటే?"

"ఖాళీ చేయమన్నాడు. వారం అద్దెలకు ఇచ్చుకుంటాడట. తాళాలిచ్చేశాను. నా సామానంతా ఆ కారులో ఉంది. కుట్టు మిషనుతో సహా."

లెయిరె రెండు చేతులతో ముఖం రుద్దుకుంది.

"శుక్రవారం ఎందుకు చెప్పలేదు?"

"చెబితే?"

"చెబితే ఏమిటేమిటి? మూడు రోజులు! ఊరంతా నవ్వింది నిన్ను. హోవాకిన్ రాబందుల గురించి నువ్వు రెండు గంటలు విన్నావు. ఒక్క మాట అని ఉంటే అంతా ఆగిపోయేది. అమ్మ ఏడ్చేది, నాన్న ఆ కాగితం పొయ్యిలో పెట్టేవాడు."

"అందుకే చెప్పలేదు. ఏడ్చి ఇస్తే అది మీ అమ్మ ఇచ్చినట్టు. రేపు ఆ ఏడుపు ఆరిపోతే అడిగి తీసుకుంటుంది. నాకు ఇల్లుండి ఉంటే ఈ గీత అబద్ధమా? లేదు కాబట్టి నిజమైందా? ఆకలేసిందని పళ్లెం నాది కాదు, నాది కాబట్టి నాది. దీనికోసం నేను కారులో పడుకుంటున్నానని నీకు చెప్పుకోవాలా?"

"కారులో పడుకున్నావా?"

"ఒక వారం. ఆసుపత్రి పార్కింగులో. వాచ్‌మన్ నా మనిషి."

"దేవుడా," అంది లెయిరె. ప్రార్థనలా అనలేదు, తిట్టులా అంది. మంచం అంచు మీద కూర్చుంది, వెంటనే లేచింది. కిటికీ దాకా పోయి వచ్చింది. తండ్రిలాగే తిరుగుతుంది, కాకపోతే చేతిలో టోపీ లేదు. "ఆరు గదుల మీద వేశాం లెక్క. ఐదుకైతే అప్పు తీరే ఏళ్లు పెరుగుతాయి. బ్యాంకువాడు గీత ఉండకూడదన్నాడు, గది తగ్గించమనలేదు."

"అడిగావా?"

"ఏమని?"

"ఒక గదికి హక్కుదారు ఉంది, మిగతా ఐదింటికీ లేదు, ఐదింటి మీదే ఇవ్వు అని అడిగావా?"

"లేదు."

"అడక్కుండానే నా సంతకం తెమ్మన్నారు. ఎప్పుడూ ఇంతే. గట్టిగా ఉన్నవాణ్ణి ఎవరూ అడగరు, ముసలిదాన్ని సంతకం అడుగుతారు."

"నువ్వు ముసలిదానివేం కాదు, ముల్లువి." లెయిరె తల్లో పిన్ను ఒకటి పీకి కిటికీ గట్టు మీద పడేసింది. "మంగళవారం నువ్వూ రా నాతో. ఆ మాట నువ్వే చెప్పు వాడికి. వాడు కాదంటే నేను వేరే బ్యాంకుకు పోతా. అక్కడా కాదంటే ఏం చేయాలో నాకు తెలీదు. అప్పుడు నిన్ను తిడతా. ఇప్పుడే చెబుతున్నా."

"తిట్టు. ఇంట్లో ఉన్నవాళ్లనే తిడతారు."

"గీత అలాగే ఉండనీ. బార్సిలోనా వాళ్లకు ఫోను చేసి లాడ్జికి పంపుతా. వాళ్లు నాకు నెట్‌లో ఒక్క నక్షత్రమిస్తారు, అదీ నీ వల్లే." పక్క మీద పరవబోతున్న దుప్పటికేసి చూసి మొహం చిట్లించింది. "ఆగు. అలా వేయకు. ఆ వైపు స్ప్రింగు పోయింది, మూడు నెలల నుంచీ గెస్టులు తిడుతున్నారు. పరుపు తిప్పాలి."

మికాయెలా దుప్పటి కుర్చీ మీద పెట్టి రెండోవైపుకు వెళ్లింది. ఇద్దరూ పరుపు కింద చేతులు పెట్టారు. బరువుగా ఉంది, పాతది.

"లాగకు," అంది మికాయెలా. "ఎత్తు."

"ఎత్తుతూనే ఉన్నా. నువ్వే వదిలేస్తున్నావు."

"నేను వదల్లేదు. నీ వైపు తిప్పు."